కీలు దగ్గర గీత

1976 మార్చి 16, మంగళవారం. ఉదయం ఏడు గంటల యాభై రెండు నిమిషాలు. ఉష్ణోగ్రత ముప్పై ఒక్క డిగ్రీల ఫారన్‌హీట్. ఊరి పక్క సరస్సు మీది నుంచి వాయవ్యపు గాలి వీస్తోంది. పడుతున్నది వాన అనడానికీ లేదు, మంచు అనడానికీ లేదు. వార్డ్ స్ట్రీట్ బడి వెనక కారు ఆపి, డిక్కీలోంచి గోధుమరంగు సూట్‌కేసు దించుకుంటున్న అర్డీలియా మ్యాబ్రీకి ఆ ఉదయంలో కొత్తగా ఏమీ కనిపించలేదు. ఆమెకు సొంత తరగతి గది లేదు. రోజుకు నాలుగు బడులు తిరుగుతూ, ఒక్కో బడిలో పావుగంట చొప్పున, ఆరో తరగతి పిల్లలకు గ్రీకు, లాటిన్ పదమూలాలు చెప్పడం ఆమె ఉద్యోగం. సూట్‌కేసులో అట్టముక్కలు, సుద్దముక్కలు, ఒక తడిగుడ్డ ఉంటాయి. పాఠం అయ్యాక బోర్డు తుడిచి వెళ్ళడం కూడా ఆమె పనే. బోర్డు వేరొకరిది కాబట్టి దాన్ని వచ్చినప్పటికంటే శుభ్రంగా వదిలి వెళ్ళాలన్నది ఆమె పెట్టుకున్న నియమం.

ఆఫీసులో గుమస్తా ఆమె వైపు చూడకుండానే, “లోపలికి వెళ్ళండి. పరీక్షల ఆఫీసు నుంచి వచ్చారు,” అంది.

“హెడ్మాస్టరు గారు?”

“బాయిలర్ చూడ్డానికి వెళ్ళారు.”

హెడ్మాస్టరు బాయిలర్ చూడడానికి వెళ్ళాడంటే, బాయిలర్ గదిలో కంటే ఆఫీసులో వేడి ఎక్కువగా ఉందన్నమాట. ఆ సంగతి బడిలో అందరికీ తెలుసు.

బల్ల మీద ఇరవై తొమ్మిది ప్రశ్నపుస్తకాలు, అన్నీ ఒకే పేజీ దగ్గర తెరిచి, నాలుగు వరుసల్లో పేర్చి ఉన్నాయి. వాటి వెనక వెండెల్ కార్మొడీ కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. కోటు విప్పలేదు.

“కూర్చో, అర్డీలియా.”

“మిసెస్ మ్యాబ్రీ,” అందామె, నిలబడే.

అతను పెన్సిలు చివరతో ఒక పుస్తకాన్ని ఆమె వైపు తిప్పాడు. అది పదజాలం విభాగం, మొత్తం అరవై పదాలు. ప్రతి పొడుగాటి పదానికీ అడ్డంగా సన్నని పెన్సిలు గీతలున్నాయి. ట్రాన్స్‌పోర్టేషన్‌లో ట్రాన్స్ తర్వాత ఒకటి, పోర్ట్ తర్వాత ఒకటి. టెలికీ గ్రాఫ్‌కీ మధ్య ఒకటి.

“ఈ బడిలో నిరుడు అరవైకి సగటు ఇరవై ఆరు. ఈసారి నలభై తొమ్మిది,” అన్నాడతను. “ఎవరో పిల్లలకి గుర్తులు పెట్టిచ్చారు.”

“అవి గుర్తులు కావు, కోతలు. పొడుగు పదం కనపడగానే ముందు ముక్కలు చెయ్యమని నేర్పాను. కోడిని ఎముక మీద నరికితే కత్తి విరుగుతుంది, కీలు దగ్గర కోస్తే తేలిగ్గా దిగుతుంది. పదమూ అంతే. ముక్క తెలిస్తే పదం తెలుస్తుంది.”

“ఇరవై తొమ్మిది పుస్తకాల్లోనూ ఒకే చోటా?”

“కోడి మారినంత మాత్రాన కీలు చోటు మారదుగా.”

“అక్కడ గీయమని ఎవరు చెప్పారు?”

“నేనే చెప్పాను. అక్టోబరు నుంచి రోజూ చెప్తున్నాను.”

కార్మొడీ రాసుకున్నాడు. పిల్లల బల్లలకు ఎదురుగా నిలబడి పంతొమ్మిదేళ్ళు పాఠం చెప్పినవాళ్ళకు తలకిందులు రాత చదవడం ఒక లెక్క కాదు. అతను రాసినది ఇది: గీతలు ఎక్కడ గీయాలో పిల్లలకు తానే చెప్పినట్టు ఉపాధ్యాయిని అంగీకరించింది.

అర్డీలియా గొంతు పెంచలేదు. గొంతు పెంచితే ఆ కాగితం మీద రెండో వాక్యం ఏమవుతుందో ఆమెకు తెలుసు.

“హైవ్యూ బడి పుస్తకాలు కూడా తెరవండి. అక్కడా చెప్పేది నేనే. అక్కడి పిల్లలూ ఇలాగే గీస్తారు.”

“హైవ్యూ గురించి మాకెవరూ ఫోన్ చెయ్యలేదు.”

“దీని గురించి ఎవరు చేశారు?”

“బయటివాళ్ళు కాదు,” అన్నాడు కార్మొడీ. “ఈ బడిలోంచే వచ్చింది.”

తర్వాత అతను నిర్ణయం చదివి వినిపించాడు. గురువారం తొమ్మిదింటికి ఇదే తరగతికి వేరే ప్రశ్నపుస్తకంతో మళ్ళీ పరీక్ష. విడిగా ఇచ్చే జవాబు కాగితం మీద తప్ప, పుస్తకంలో పెన్సిలు ఆనకూడదు. రెండు పరీక్షల మార్కుల్లో తక్కువదే నిలుస్తుంది. ఆ రోజు రానివాళ్ళ సంగతి తర్వాత చూస్తారు. ఆ రోజంతా మిసెస్ మ్యాబ్రీ ఈ బడి ఆవరణలో అడుగు పెట్టకూడదు. సిటీ అకాడమీలో ఏడో తరగతికి సీటు వచ్చిందని క్రితం వారం ఉత్తరాలు అందుకున్న ఆరుగురి ఉత్తరాలూ ప్రస్తుతానికి చెల్లవు.

సిటీ అకాడమీ ఊరికంతటికీ ఒక్కటే. ఏడో తరగతిలో చేరితే చేరినట్టు, ఆ తర్వాత తలుపు తెరవరు. వార్డ్ స్ట్రీట్ నుంచి అంతకు ముందు పదేళ్ళలో అక్కడికి వెళ్ళినవాళ్ళు ముగ్గురు. ఈ ఏడు ఒక్కసారే ఆరుగురు. వాళ్ళలో అరవైకి యాభై ఎనిమిది తెచ్చుకున్న పిల్ల పేరు జొనెట్ స్టకీ.

తరగతిలోకి ఆమె అడుగు పెట్టగానే ఇరవై తొమ్మిది పెన్సిళ్ళు గాల్లోకి లేచాయి. అది వాళ్ళ మధ్య ఉన్న మర్యాద. ఆమె “కత్తులు” అనాలి, వాళ్ళు పెన్సిళ్ళు చూపించాలి. మొన మొద్దుబారిన వాడు ముందు చెక్కుకోవాలి.

“కత్తులు కింద పెట్టండి,” అంది అర్డీలియా.

పిల్లలకు సంగతి చెప్పింది. ఏదీ దాచలేదు. గది వెనక, తన బల్ల దగ్గర, ఆ తరగతి టీచరు హార్టెన్స్ బిబ్ లెక్కల కాగితాలు దిద్దుతోంది. తల ఎత్తలేదు.

“అంటే మేం కాపీ కొట్టామనా?” అన్నాడు టెరెల్ ఓగిల్స్‌బీ. స్టీలు మిల్లులో కొలిమి దగ్గర పనిచేసే మనిషి కొడుకు. సీటు వచ్చిన ఆరుగురిలో వాడూ ఒకడు.

“అలాగే అనుకుంటున్నారు.”

“ఇరవై తొమ్మిది మందిమీ ఒకడి దగ్గరే కొట్టామా? ఎవడ్రా ఆ మేధావి? లేచి నిలబడండ్రా, రేపట్నుంచి వాడి పక్కనే కూర్చుంటా!”

గదంతా నవ్వింది. ముందు వరుసలో ఒక పిల్ల చెయ్యెత్తి, “వచ్చేదెవరు టీచర్?” అంది.

“పరీక్షల ఇన్‌స్పెక్టరు.”

“ఇన్ అంటే లోపల. స్పెక్ట్ అంటే చూడ్డం,” అంది ఆ పిల్ల గబగబా. “లోపలికి తొంగిచూసేవాడు!”

“మా ఇంటికి గ్యాసు మీటరు చూడ్డానికొచ్చేవాడూ అంతే,” అన్నాడు టెరెల్. “వాడొస్తే మా అమ్మ తలుపే తియ్యదు.”

అర్డీలియా వాళ్ళను నవ్వనిచ్చింది. తర్వాత పని మొదలుపెట్టింది. పెన్సిలు ఆనకూడదన్నారు, వేళ్ళు ఆనకూడదని అనలేదు. ఎడమచేతి రెండు వేళ్ళతో పదం తోక కప్పేయండి. ఇప్పుడు తల కనపడుతుంది, దాని అర్థం మనసులో పెట్టుకోండి. ఇప్పుడు తల కప్పి నడుం చూడండి. ఆమె బోర్డు మీద పదాలు రాస్తూ పోయింది. పిల్లలు గాల్లో వేళ్ళు పెట్టి బోర్డు మీది పదాలను కప్పుతూ తెరుస్తూ పోయారు. పన్నెండు నిమిషాల్లో పంతొమ్మిది పదాలు అయ్యాయి. తను అన్యాయానికి ఎదురు తిరగడానికి మార్గం కనిపెట్టానని ఆమె అప్పుడు నమ్మింది.

మూడో కిటికీ దగ్గర జొనెట్ స్టకీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సన్నటి పిల్ల. కళ్ళజోడు ఒక పక్క తెల్ల టేపుతో అతికించి ఉంది.

“నీ వేళ్ళేవమ్మా, జొనెట్?”

“ఉన్నాయి టీచర్.”

“చూపించు మరి.”

జొనెట్ రెండు చేతులూ ఎత్తి చూపించి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. గడియారంలో ఒక్క నిమిషమే మిగిలింది. అర్డీలియా బోర్డు తుడవడం మొదలుపెట్టింది.

ఆ బడిలో కోట్లు తగిలించే గది తరగతి గది వెనకే, ఒక సన్నని సందులా ఉండేది. హార్టెన్స్ బిబ్ అక్కడికి తనంతట తానే వచ్చింది. యాభై నాలుగేళ్ళ మనిషి. ఆదివారాలు చర్చి బృందగానంలో రెండో వరుస ఆమెది. చర్చివాళ్ళంతా ఆమెను సిస్టర్ అనే పిలుస్తారు. అర్డీలియా కంటే పదమూడేళ్ళు పెద్ద.

“నేనే చేశా, ఫోను,” అంది.

అర్డీలియా అప్పటికే ఊహించింది. ఊహించడం వేరు, వినడం వేరు. “మీరా? వాళ్ళు మీ పిల్లలు కదా, సిస్టర్ బిబ్.”

“నా పిల్లలు కాబట్టే. వాళ్ళ సత్తా ఎంతో నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఇదే గదిలో చెప్తున్నా. మార్కులు చూడగానే ఇది నిలబడదు, ఆ పరీక్షల ఆఫీసువాళ్ళే కనిపెడతారు, కనిపెట్టి బడి మొత్తాన్ని పేపర్లో ఎక్కిస్తారు అనుకున్నా. మనమే ముందు చెప్పుకుంటే మనలో ఒకరన్నా నిజాయితీగా ఉన్నారంటారు కదా అని.”

“ఆ పుస్తకాలు తెరిచి చూశారా మీరు? ఒక్క పిల్లనన్నా పిలిచి ఒక్క పదం అడిగారా?”

“లేదు.”

“రోజూ పావుగంట మీ వెనక బల్ల దగ్గరే కూర్చుంటారే! నేను చెప్పేది చెవిన పడలేదా?”

“పడింది,” అంది బిబ్. ఆమె కింద పడిన ఒక పిల్లవాడి మఫ్లరు తీసి, దులిపి, వంకెకు తగిలించింది. మళ్ళీ తీసి సరిగ్గా మడిచి తగిలించింది. “పడింది కాబట్టే నమ్మబుద్ధి కాలేదమ్మాయ్. రోజుకి పావుగంట, అయిదు నెలలు. దానికే ఇంత వస్తే, మరి నా ఇరవై రెండేళ్ళూ ఏమైనట్టు?”

  “ఆ ప్రశ్న అద్దం ముందు అడుక్కోవాల్సింది, ఫోన్లో కాదు,” అని అర్డీలియా సూట్‌కేసు తీసుకుని వచ్చేసింది.

గురువారం పొద్దున్న తొమ్మిది గంటలకు ఆమె హైవ్యూ బడిలో ఉంది. ఊరికి ఎత్తున, డాక్టర్లూ లాయర్లూ ఉండే వైపు అది. అక్కడి పిల్లలూ “కత్తులు” అనగానే పెన్సిళ్ళు ఎత్తారు. అక్కడి పిల్లలూ కీళ్ళ దగ్గరే గీతలు గీశారు. తప్పు వాళ్ళది కాదని ఆమె తనకు తాను రెండుసార్లు చెప్పుకోవలసి వచ్చింది. ఆ రోజు ఆమె చేతిలో సుద్దముక్క మూడుసార్లు విరిగింది.

మధ్యాహ్నం రెండింటికి పరీక్షల ఆఫీసుకు వెళ్ళింది. గోడ పొడుగునా ఇనుప అలమరాలు, వాటిలో బడిపేరు చీటీ అంటించిన కట్టలు. జవాబు కాగితాలు మాత్రమే యంత్రంలోకి వెళతాయి. ప్రశ్నపుస్తకాలు బడి నుంచి ఎలా వచ్చాయో అలాగే, తాడు ముడి విప్పకుండా, అలమరాలోకి వెళతాయి. హైవ్యూ కట్ట రెండో అరలో ఉంది. వార్డ్ స్ట్రీట్ చోటు ఖాళీగా ఉంది.

కార్మొడీ అప్పుడే తిరిగివచ్చి చల్లటి కాఫీ తాగుతున్నాడు. “మీ పిల్లలు పదాల మీద వేళ్ళు పెట్టుకుంటున్నారు. ఒకళ్ళకొకళ్ళు సైగలు చేసుకుంటున్నారేమోనని నేను అరగంట సేపు లెక్కపెట్టా,” అన్నాడు.

“ఏం తేలింది?”

“ఏం తేల్లేదు.”

“హైవ్యూ కట్ట విప్పండి.”

“ఫిర్యాదు లేనిదే కట్ట విప్పకూడదు, మిసెస్ మ్యాబ్రీ. అది రూలు.”

“ఫిర్యాదు ఎవరైనా చెయ్యొచ్చా?”

“జిల్లా విద్యాశాఖ ఉద్యోగి ఎవరైనా చెయ్యొచ్చు.”

“అయితే కాగితం ఇవ్వండి.”

ఆమె నిలబడే రాసింది. హైవ్యూ బడి ఆరో తరగతిలో ముప్పై నాలుగు మంది పిల్లలు పదజాలం పరీక్షలో ఒకే చోట గీతలు గీశారనీ, ఆ గీతలు ఎక్కడ గీయాలో తనే నేర్పాననీ, వార్డ్ స్ట్రీట్‌కు వర్తించిన చర్య మాట మారకుండా హైవ్యూకూ వర్తించాలనీ రాసింది. తారీఖు వేసింది. సంతకం చేసింది. ఆ ముప్పై నాలుగు మంది ముఖాలూ ఆమెకు తెలుసు. ఆ పొద్దున్నే వాళ్ళకు పాఠం చెప్పి వచ్చింది. అయినా చెయ్యి ఆగలేదు. ఆ ఆగకపోవడం తర్వాత చాలాకాలం ఆమెను బాధించింది.

కార్మొడీ కాగితం రెండుసార్లు చదివాడు. “దీని అర్థం మీకు తెలుసా? ఈ పిల్లల తండ్రుల్లో ఇద్దరు స్కూల్ బోర్డులో ఉన్నారు.”

“అర్థం తెలియడమే నా ఉద్యోగమండీ. రసీదు ఇవ్వండి.”

శుక్రవారం వార్డ్ స్ట్రీట్ తరగతిలో ఆమె మొదట చూసింది మూడో కిటికీ వైపు. జొనెట్ అక్కడే ఉంది.

“ఎలా రాశారు?” అని అడిగితే పిల్లలు అందరూ ఒక్కసారే మాట్లాడారు. కొత్త పదాలు కష్టంగా ఉన్నాయన్నారు. పెన్సిలు లేకపోతే గుడ్డివాళ్ళలా తడుముకున్నామన్నారు. ఇన్‌స్పెక్టరు వరసల మధ్య తిరుగుతుంటే బూట్లు కిర్రుకిర్రుమన్నాయని టెరెల్ నడిచి చూపించాడు. అర్డీలియా జొనెట్‌ను అడిగింది.  ఇరవై ఎనిమిది మంది పిల్లలు ఒకేసారి తమ బల్లల వైపు చూసుకున్నారు.

“నేను రాయలేదు టీచర్,” అంది జొనెట్.

ఆమె ఆ పిల్లను కోట్ల గదిలోకి తీసుకెళ్ళింది. కోపం అణచుకోలేకపోయింది. “రాయలేదా? యాభై ఎనిమిది తెచ్చుకున్న దానివి! ఆ సీటు కోసం నేను నిన్న ఎక్కడికి వెళ్ళానో, ఏం చేశానో తెలుసా? అంత సులభంగా నేర్పాను కదా, రెండు వేళ్ళు పెట్టి కప్పుకోమని!”

“కప్పుకోవడం ఎందుకు టీచర్?” జొనెట్ గొంతు చిన్నదే కానీ తడబడలేదు. “గీతలు తప్పు కాదని మీరే అన్నారు. తప్పు కానప్పుడు దాచుకుని రాయడమెందుకు? మొదటిసారే నాకొచ్చు. రెండోసారి రాస్తే, మొదటిసారి దొంగతనం చేశానని ఒప్పుకున్నట్టే కదా?”

 మంగళవారం నుంచి తను చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా అర్డీలియా కళ్ళ ముందుకు వచ్చాయి. పిల్లలకు సంగతి చెప్పింది, నిజమే. చెప్పిన మరుక్షణమే, అన్యాయానికి ఒదిగి కూర్చోవడం ఎలాగో పన్నెండు నిమిషాల్లో పంతొమ్మిది పదాలతో నేర్పింది. గదిలో ఎదురు తిరిగింది ఒక్కరే. ఆ ఒక్కరూ తను కాదు.

“మరి ఆయన ఊరుకున్నాడా?” అంది చివరకు.

“ఆయన నన్ను చూళ్ళేదు.”

“ఎలా చూడడు?”

“దాన్నేం అడగకు. నన్నడుగు,” అంది వెనక నుంచి హార్టెన్స్ బిబ్. జొనెట్‌ను లోపలికి పంపి, వంకెలకు తగిలించిన కోట్ల మధ్య నిలబడింది. “ఎనిమిదీ నలభైకి నా బల్ల దగ్గరికొచ్చి, నేను రాయను మేడమ్ అంది. బతిమాలా. బెదిరించా. వాళ్ళమ్మ ఆస్పత్రి లాండ్రీలో చేతులు కాల్చుకుని చదివిస్తోందని కూడా అన్నా. కదల్లేదు. ఖాళీ కాగితం ఇస్తే సున్నా. తక్కువదే నిలుస్తుందన్నారుగా, ఆ సున్నానే నిలిచేది. అతని కారు గేట్లోకి వస్తోంది. దీన్ని ఇదిగో ఇక్కడ, ఈ కోట్ల వెనక కూర్చోబెట్టా. రిజిస్టరులో ‘రాలేదు’ అని రాశా.”

“ఇక్కడా? ఎంతసేపు?”

“యాభై అయిదు నిమిషాలు. దగ్గలేదు, కదల్లేదు. ఇరవై ఎనిమిది మంది పిల్లలు, ఒక్కడూ నోరు విప్పలేదు. టెరెల్ అయితే ఇటు చూడకూడదని మెడ బిగబట్టుకుని కూర్చున్నాడు.” బిబ్ తన కుడిచేతిని చూసుకుంది. “నా రిజిస్టరులో ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పు మార్కు లేదు, అర్డీలియా. నిన్న పెన్ను పట్టుకుంటే వేళ్ళు చల్లబడిపోయాయి.”

 ఆ బడిలో మోసం జరిగిందని పరీక్షల ఆఫీసు వెతికింది. చివరకు ఒక మోసం జరిగింది. చేసింది, మోసం జరిగిందని ఫోన్ చేసిన మనిషే. ఆ మనిషిని క్షమించాలని అర్డీలియాకు అనిపించలేదు. చెయ్యి మాత్రం చాచి, బిబ్ మణికట్టు మీద ఒక క్షణం ఉంచింది.

పదకొండున్నరకు, ఆమె బయల్దేరుతుండగా, బడి ఆఫీసులో ఫోను మోగింది. కార్మొడీ.

“మిసెస్ మ్యాబ్రీ, పై అధికారులతో మాట్లాడాను. గీతలు పరీక్ష నియమాలకు విరుద్ధం కావని తేల్చాం. మీరు హైవ్యూ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే ఫైలు మూసేస్తాం. రెండోసారి మార్కులు కొంచెం తగ్గాయి. ఆ ఆరుగురిలో ముగ్గురికి సీటు నిలుస్తుంది. ఇద్దరికి పోతుంది. ఆ ఇద్దరిలో ఓగిల్స్‌బీ అనే అబ్బాయికి ఒక్క మార్కులో పోయింది.”

“గీతలు తప్పు కాకపోతే రెండోసారి మార్కులతో పనేముంది? మొదటివే నిలవాలి.”

“నేను చెయ్యగలిగింది ఇంతే. చాలదంటే అందరికీ మళ్ళీ మొదట్నుంచి పరీక్ష పెడదాం. హైవ్యూకీ పెడదాం, మీకూ పెడదాం. అన్నట్టు, ఆరో పిల్ల ఎవరో స్టకీ అట. రాలేదని రాసుంది. ఆ అమ్మాయికైతే విడిగా పరీక్ష పెట్టాల్సి వస్తుంది. ఫైలు మూసేస్తే ఆ అవసరం ఉండదు, మొదటి మార్కే ఉంచుతాం.”

అర్డీలియా గోడకు ఆనుకుంది. పట్టుబట్టి హైవ్యూ కట్ట విప్పిస్తే టెరెల్ ఒక్క మార్కూ తిరిగి వస్తుందేమో. విప్పిస్తే జొనెట్‌ను విడిగా కూర్చోబెడతారు. జొనెట్ రాయదు. ఎందుకు రాయవని అడుగుతారు, ఆ పిల్ల నిజమే చెబుతుంది. ఆ నిజంతో బిబ్ రిజిస్టరు బల్ల మీదికి వస్తుంది. ఒక పిల్లను కాపాడిన అబద్ధం ఇద్దరు పిల్లల కోసం కొట్లాడవలసిన తన చేతులు కట్టేసిందని ఆమెకు ఫోను చెవి దగ్గర ఉండగానే అర్థమైంది.

“ఆ అమ్మాయి నిన్న నిజంగా బడికి రాలేదా?” అన్నాడు కార్మొడీ, గొంతు కొంచెం మార్చి.

“నిన్న నన్ను ఈ ఆవరణలో అడుగు పెట్టొద్దన్నది మీరే. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో నాకెలా తెలుస్తుంది?”

కార్మొడీ ఆ మాట అంతటితో వదిలేశాడు. “ఫిర్యాదు?”

గుమస్తా టైపు కొట్టడం ఆపి వింటోంది. కిటికీ అవతల ఆరో తరగతి పిల్లలు భోజనానికి వరుసలో వెళుతున్నారు. టెరెల్ వెనక్కి నడుస్తూ, బూట్లు కిర్రుకిర్రుమనిపిస్తూ, వెనకవాళ్ళను నవ్విస్తున్నాడు.

“వెనక్కి తీసుకుంటున్నాను,” అంది అర్డీలియా. “కానీ ఒక్క మార్కులో పోయిందని ఆ అబ్బాయికి మీరు రాయండి, మీ సంతకంతో. నా నోటితో చెప్పించకండి.”

“అలాగే, అర్డీలియా.”

“మిసెస్ మ్యాబ్రీ,” అని ఆమె ఫోను పెట్టేసింది.

ఆ ఉత్తరం రాలేదు. సోమవారం ఉదయం టెరెల్‌కు ఆమే చెప్పింది.

1977 జూన్‌లో, సమయాభావం కారణంగా, వార్డ్ స్ట్రీట్ బడిలో పదమూలాల పాఠం ఎత్తేశారు. హైవ్యూలో అది 1991 దాకా సాగింది.